మా నాయిన ఎలక్షన్ డ్యూటీ, మా నల్లగొండ ఓట్లు

మా ఇంట్లో ఎలక్షన్ అంటే లక్క వాసన.

పోలింగ్ అయిన రోజు అర్ధరాత్రి దాటాక, ఒక్కోసారి తెల్లారగట్ల, నాయిన ఇంటికొచ్చేవాడు. అమ్మ అప్పటిదాకా అరుగు మీదే కూర్చునేది. పల్లెలో ఏదైనా గొడవైందేమో, లారీ ఎక్కడైనా ఆగిపోయిందేమో అని ఆమెకు ఒకటే టెన్షన్. నాయిన చొక్కాకి చెమట వాసన, లారీలో పక్కవాళ్ళు తాగిన బీడీ వాసన, వాటన్నిటి మీదా కాలిన లక్క వాసన. బొటనవేలి గోరు పక్కన ఎర్రటి చుక్క ఒకటి గట్టిపడి ఉండేది. దాన్ని నేను గోటితో గీకి తీసేవాణ్ణి. అది ఊడి వస్తుంటే ఆయన "మెల్లగ రా" అంటూనే కూర్చున్న చోటే కునికిపాట్లు పడేవాడు.

నాయిన సర్కారు బడిలో లెక్కల సారు. 1972 అసెంబ్లీ ఎన్నికలతో మొదలుపెట్టి రిటైరయ్యేదాకా పిలిచిన ప్రతిసారీ డ్యూటీకి పోయాడు. తోటి సార్లు కొందరు ఆరోగ్యం బాగాలేదని కాగితాలు పెట్టుకుని తప్పించుకునేవారు. ఆయన ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు. పైగా ముందురోజు సామాను తీసుకునేటప్పుడు లిస్టు పట్టుకుని ఒక్కొక్కటీ లెక్క చూసుకునేవాడట: సిరా సీసా, స్వస్తిక్ ముద్ర, స్టాంపు ప్యాడు, దారపు ఉండ, లక్క ముక్కలు, కొవ్వొత్తులు, ఇత్తడి సీలు. ఏది తక్కువైనా బండెక్కేవాడు కాదు.

ఆ ఇత్తడి సీలు ఎట్లా వేస్తారో నాకు ఇంట్లోనే చేసి చూపించాడు. లక్క ముక్కను కొవ్వొత్తి మంట మీద పట్టుకోవాలి. కాలి నల్లబడేంత కాదు, తేనెలాగ జారేంత. దారం ముడి మీద చుక్కలు చుక్కలుగా వేయాలి. అది ఆరేలోపల సీలును ఉమ్మితో తడిపి అద్దాలి. తడపకుండా అద్దితే లక్క సీలుకే అంటుకుని వచ్చేస్తుంది. మా దగ్గర ఇత్తడి సీలెక్కడిది, పాత పావలా బిళ్ళతో చేశాం. లక్క మీద పావలా అచ్చు నిండుగా పడితే ఆయన ముఖంలో ఎంత సంతోషమో.

బ్యాలెట్ మడత కూడా ఆయనే నేర్పాడు. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. అడ్డంగా మొదలుపెడితే తడి ముద్ర ఇంకో గుర్తు మీద అచ్చుపడుతుంది, ఓటు ఎవరిదో తేలకుండా పోతుంది. పేపరు కోసి, పెన్సిలుతో గుర్తులు గీసి, ఎర్ర సిరా అద్ది నాతో పదిసార్లు మడత పెట్టించాడు. "ముసలోళ్ళు పది మైళ్ళు నడిచొచ్చి ఏస్తరు బిడ్డా. మనం మడత చెప్పకపోతే ఆళ్ళు నడిచిందంత దండుగైతది" అనేవాడు.

ఇంకొకటి చెప్పాడు, అది ఆఖర్న చెప్తాను.

మాది నల్లగొండ పట్నంలో రామగిరి వైపు. లతీఫ్ సాబ్ గుట్ట ఒకవైపు, కాపురాల గుట్ట ఒకవైపు. గడియారం దగ్గర మీటింగ్ అంటే మైకు మోత మా ఇంటి దాకా వినిపించేది. ఎన్జీ కాలేజీ గ్రౌండులో పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటే ఆ రోజు బడి సగం పూటే. అట్లా నాకు బాగా గుర్తున్న మొదటి ఎన్నిక 1985 మార్చిది. నాకప్పుడు పదకొండేళ్ళు.

ఎన్టీఆర్ ఆ ఎన్నికల్లో మూడు చోట్ల నిలబడ్డాడు. కోస్తాలో గుడివాడ, సీమలో హిందూపురం, తెలంగాణలో మా నల్లగొండ. ఒక్కో ప్రాంతానికి ఒక్కటి. ముఖ్యమంత్రి మా ఊళ్ళో నిలబడ్డాడన్న ఆ గర్వం ఎట్లా ఉండేదో ఇప్పుడు చెప్పినా అర్థం కాదు. మా గల్లీలో రెండు రూపాయల బియ్యం తినని ఇల్లు లేదు. పట్వారీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తాతల కాలం నాటి బాధ, ఆ వ్యవస్థే పోవడంతో, పల్లెల్లో అప్పుడప్పుడే తీరుతోంది. ఆయన వచ్చిన రోజు నాయిన నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు. నాకు ఆయన కనపడలేదు. తలలు, జెండాలు, దుమ్ము, దూరంగా ఒక ఆకుపచ్చ బండి పైభాగం. గొంతు మాత్రం విన్నాను. ఆ గొంతు చాలనిపించింది.

మూడు చోట్లా గెలిచాడు. రేడియోలో నల్లగొండ పేరు చదివినప్పుడు మా గల్లీ గల్లీ అంతా రోడ్డు మీదికొచ్చింది. తర్వాత కొన్నాళ్ళకి తెలిసింది, ఆయన హిందూపురం ఉంచుకుని మిగతా రెండూ వదిలేశాడని. బడిలో మేం పిల్లలం ఆ రోజు ఆడుకోలేదు. ఎవరో ఇచ్చిన వస్తువు మళ్ళీ అడిగి తీసుకున్నట్టు అనిపించింది. నాయిన నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని నిదానంగా చెప్పాడు: ఎన్ని చోట్ల గెలిచినా ఒక్కచోటే ఉండాలె, అది చట్టం. ఉప ఎన్నిక వచ్చింది, నాయిన మళ్ళీ డ్యూటీకి పోయాడు, మళ్ళీ లక్క వాసన. ఆ ఎన్నికలో గడ్డం రుద్రమదేవి గెలిచింది. అమ్మ రాజకీయాల గురించి ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఆ రోజు మాత్రం అన్నం వడ్డిస్తూ, "ఆడామె గెలిచింది మనూర్ల" అని తనలో తను అనుకున్నట్టు అంది. ఎన్టీఆర్ వదిలేసిన బాధ నాకు ఆ మాటతో కొంచెం తగ్గింది.

ఓటు సంగతి నాయిన కంటే మా నాయినమ్మ ఎక్కువ చెప్పేది. ఆమె చదువుకోలేదు. మా సొంతూరు మర్రిగూడ వైపు. పండుగలకు, వేసవి సెలవులకు అక్కడికే. మూడో తరగతి దాకా నేను అక్కడే పెరిగాను. ఆమె మొదటి ఓటు 1952లో. "డబ్బాల ఓటు" అనేది. నిజమే, అప్పుడు కాగితం మీద ముద్ర గుద్దేది లేదు. ఒక్కో అభ్యర్థికీ ఒక్కో డబ్బా, దాని మీద ఆ గుర్తు బొమ్మ. చాటుకుపోయి తనకు నచ్చిన డబ్బాలో కాగితం వేసి రావాలి. నాయినమ్మ కాగితం వేసి, డబ్బాకు చెయ్యి తాకించి కళ్ళకద్దుకుందట. ఎందుకమ్మా అంటే, "అంతకు మూడేండ్ల కింద మా ఊళ్ళె రాత్రి పూట దీపం పెట్టుకోడానికి భయమయ్యేది. అటు దొర మనుషులు, ఇటు మిల్ట్రీ. అసుంటిది నన్ను పిలిచి, నా పేరడిగి, కాగితం చేతిల పెట్టిన్రు" అనేది.

ఆ పేరు అడగడం గురించి నేను పెద్దయ్యాక చదివాను. ఆ మొదటి ఎన్నికల జాబితాల్లో ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని తప్ప సొంత పేరు చెప్పని ఆడవాళ్ళు దేశంలో చాలామంది ఉన్నారు. అట్లాంటి దాదాపు 28 లక్షల మందిని జాబితాల్లోంచి తీసేయాల్సి వచ్చింది. ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళే. మా నాయినమ్మ మాత్రం పేరు చెప్పింది. మొగుడి పేరు చెప్పడానికే సిగ్గుపడిందట.

ఆ ఎన్నికలో నల్లగొండ జిల్లా చేసిన పని దేశమంతా చెప్పుకుంది. సాయుధ పోరాటం ఆగింది 1951 అక్టోబర్‌లో. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందుకని పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నిలబడ్డారు. నల్లగొండ పార్లమెంటు స్థానం నుంచి రావి నారాయణరెడ్డికి 3 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి, నెహ్రూకి వచ్చినవాటి కంటే ఎక్కువ. ఆలేరులో ఆరుట్ల కమలాదేవి గెలిచింది. నాయినమ్మకు పార్లమెంటు అంటే ఏమిటో తెలియదు గాని, "నెహ్రూ కంటె మా ఓట్లే ఎక్కువ" అన్న మాట మాత్రం చచ్చేదాకా చెప్పుకుంది.

మా పట్నం అసెంబ్లీ సీటు ఎటూ ఒకవైపే ఉండిపోలేదు. 1962లో సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం. అంతకుముందు ఆయన సూర్యాపేట, నకిరేకల్ నుంచి గెలిచి వచ్చినవాడు, గీత కార్మికుల మనిషి. ఆ తర్వాత 1967లో, 1972లో కాంగ్రెస్ నుంచి చకిలం శ్రీనివాసరావు. మధ్యలో 1969 తెలంగాణ ఉద్యమం, 1971లో పార్లమెంటుకు తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థి కంచర్ల రామకృష్ణారెడ్డి. ఇవన్నీ నేను పుట్టకముందువి, నాయిన నోట విన్నవి. ఆయనకు ఏళ్ళన్నీ నోటికొచ్చేవి. లెక్కల సారు కదా.

నా మొదటి అసెంబ్లీ ఓటు 1994 డిసెంబర్. ఇరవై ఏళ్ళు. ఓటు వయసు 21 నుంచి 18కి దిగి అప్పటికి ఐదేళ్ళే. అంటే మా కంటే కొంచెం ముందువాళ్ళు డిగ్రీ అయ్యాక వేసిన ఓటును మేం డిగ్రీలోనే వేశాం. ఎన్జీ కాలేజీలో ఆ నెలంతా పాఠాలు జరిగినట్టు గుర్తులేదు. ఎర్రజెండాలు, పచ్చజెండాలు కలిసి ఊరేగడం అప్పుడే చూశాను. టీడీపీతో పొత్తులో సీపీఎం నుంచి నంద్యాల నర్సింహారెడ్డి గెలిచాడు. వేలి మీద సిరా పెట్టించుకుని ఇంటికొస్తే నాయినమ్మ నా వేలు పట్టుకుని చూసింది. తన వేలు పక్కన పెట్టింది. ఆమె వేళ్ళు అప్పటికే పూర్తిగా చాపడానికి వచ్చేవి కావు.

ఇప్పుడు నీళ్ళ సంగతి చెప్పాలి. మా జిల్లా ఓట్ల కథలో నీళ్ళు లేకుండా ఏదీ చెప్పలేం.

మా ఊరి బోరు నీళ్ళు చూడ్డానికి తేటగా ఉండేవి. తాగితే కొంచెం చప్పన. ఫ్లోరైడ్ కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదంటారు, మా వైపు ఊళ్ళలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మొదట పిల్లల పళ్ళ మీద పసుపు గీతలు, తర్వాత గోధుమ రంగు గార. నా ముందరి పళ్ళ మీద ఇప్పటికీ ఉన్నాయి, మూడో తరగతి దాకా అక్కడ తాగిన నీళ్ళవి. అక్కడే ఉండిపోయినవాళ్ళకు నలభై దాటేసరికి మోకాళ్ళు పట్టేసేవి, నడుము వంగేది, మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. నాయినమ్మ మంచం మీంచి లేవాలంటే ముందు పక్కకు దొర్లి, చేతులు నేలకు ఆనించి, మోకాళ్ళ మీద కూర్చుని, అప్పుడు మంచం కోడు పట్టుకుని లేచేది. ఆ లేవడం నేను రోజూ చూసేవాణ్ణి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అని పేరు. నాగ్‌పూర్ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' శాస్త్రవేత్తలు తయారుచేసింది. బయటి దేశాల పుస్తకాల్లో మా జిల్లా పేరు అట్లా ఉంటుంది.

1996 పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి ఒక పిలుపునిచ్చింది: కృష్ణా నీళ్ళు కావాలి, ఫ్లోరైడ్ గోస ఢిల్లీకి తెలియాలి, అందుకు ఊరూరి నుంచి జనమే నామినేషన్లు వేయాలి. మా చిన్నాయిన కూడా వేశాడు. రైతు. ఐదో తరగతి దాకా చదివాడు. అప్పట్లో పార్లమెంటు డిపాజిట్ 500 రూపాయలు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి చందా ఎత్తారు. ఇంటికి ఐదు, పది. చిల్లర నాణేలు తువ్వాలులో మూటకట్టుకుని బస్సెక్కి నల్లగొండ వచ్చి మా ఇంట్లో దిగాడు. నాయిన ఆయన్ను చూసి కాసేపు మాట్లాడలేదు.

"సర్కారు నౌకరీ చేసేటోన్ని తమ్మీ. దీని గురించి నేను ఒక్క మాట మాట్లాడొద్దు."

"నువ్వు మాట్లాడకు అన్నా. నేను మాట్లాడత."

అంతే. అమ్మ ఆయనకు అన్నం పెట్టింది. పొద్దున్నే నాయిన తన ఇస్త్రీ చొక్కా ఒకటి తీసి కుర్చీ మీద పెట్టి బడికి పోయాడు. చిన్నాయిన అది తొడుక్కుని నామినేషన్ వేయడానికి పోయాడు.

చివరికి బరిలో మిగిలింది 480 మంది. ఒక్క పార్లమెంటు స్థానానికి 480 మంది! అందరికీ గుర్తులు వెతకాలి, అందరి పేర్లతో బ్యాలెట్ అచ్చువేయాలి, పోలింగ్ వాయిదా పడింది. మా చిన్నాయిన బకెట్ గుర్తు కావాలని కోరుకున్నాడు, నీళ్ళ పోరాటం కదా అని. దొరకలేదు. నిచ్చెన వచ్చింది. "బాయిల దిగాలన్నా నిచ్చెనే కదా" అని సర్దుకున్నాడు. కరపత్రం లేదు, జీపు లేదు. సైకిలు వెనక ఒక నిచ్చెన కట్టుకుని చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళు తిరిగాడు. ఆ ఊళ్ళలో కూడా ఎవరో ఒకరు అభ్యర్థే. ఒకరి ఊళ్ళో ఇంకొకరు ఓటడగరు, కూర్చుని నీళ్ళ గురించి మాట్లాడుకుని లేచేవారు.

ఢిల్లీ పేపర్లలో, టీవీల్లో నల్లగొండ పేరు మోగింది. అదే వాళ్ళు కోరుకుంది. ఆ సంగతి కొందరికి ఇప్పటికీ అర్థం కాదు. గెలవడానికి వేసిన నామినేషన్లు కావవి. కలెక్టరేట్‌కు ఎన్ని దరఖాస్తులు పెట్టుకున్నా కదలనిదాన్ని బ్యాలెట్ కాగితం మీద రాసి దేశం ముందు పెట్టారు. నాకు తెలిసి అంత శాంతంగా, అంత గట్టిగా ఒక జిల్లా తన కష్టం చెప్పుకున్న సందర్భం ఇంకోటి లేదు.

పోలింగ్ రోజు నాయిన వేరే ఎక్కడో డ్యూటీలో ఉన్నాడు. నేను ఊరికి పోయి నాయినమ్మను ఎడ్లబండి మీద బడి దగ్గరికి తీసుకుపోయాను. ఎండ మండిపోతోంది. లైను కదలడం లేదు. లోపలికి పోయినవాళ్ళు తొందరగా బయటికి రావడం లేదు, అన్ని గుర్తుల్లో తమది వెతుక్కోవాలి కదా. నాయినమ్మను ముందుకు పంపారు. నేను గుమ్మం బయట నిలబడ్డాను. ఎంతసేపు లోపల ఉందో. నాకు చాలాసేపు అనిపించింది. బయటికొచ్చాక ఆమె ముఖం చెమటతో తడిసిపోయి ఉంది.

"దొరికిందా అమ్మా?"

"నిచ్చెన కానరాలే బిడ్డా. కండ్లు తిరిగినయి."

"మరి దేనికేసినవ్?"

ఆమె బండి చక్రం పట్టుకుని కాసేపు నిలబడింది. "నీళ్ళకేసిన" అంది. ఇంకేమీ చెప్పలేదు. కన్న కొడుకు గుర్తు కళ్ళ ముందు ఎక్కడో ఉంది, ఆమెకు దొరకలేదు. ఆ మాట చిన్నాయినకు మేం ఎప్పుడూ చెప్పలేదు.

గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. 1962లో మా పట్నం ఎమ్మెల్యేగా ఉన్న ఆయనే. 1991లో కూడా ఆయనే ఎంపీ. మిగతావాళ్ళలో దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. చిన్నాయినకు మా ఊళ్ళో ఓట్లు కూడా అన్నీ పడలేదు. ఆయన బాధపడలేదు. చందా లెక్క కాగితం మీద రాసి గ్రామపంచాయతీ గోడకు అంటించాడు.

ఆ సంవత్సరమే ఎన్నికల చట్టం మారింది. పార్లమెంటు డిపాజిట్ 500 నుంచి 10,000 అయింది, అసెంబ్లీది 250 నుంచి 5,000. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదించాలన్నారు. ఆ సవరణలోనే ఇంకోటి కూడా ఉంది: ఒక మనిషి రెండు స్థానాలకు మించి పోటీ చేయకూడదు. అంటే 1985లో మా ఊరు చూసిన మూడు సీట్ల పోటీ, 1996లో చూసిన 480 మంది పోటీ, రెండూ ఒకే చట్టంతో ఆగిపోయాయి. మా జిల్లా కోసమే చేశారని నేననను. ఆ ఏడే తమిళనాడులో మొడక్కురిచి అనే అసెంబ్లీ స్థానానికి వెయ్యి మందికి పైగా నిలబడ్డారు. కాని ఆ రెండు సంగతులూ ఒక్క ఊరివాళ్ళకే అనుభవం, అది మాకే. 2019లో నిజామాబాద్‌లో పసుపు రైతులు నిలబడి మొత్తం 185 మంది అయినప్పుడు చిన్నాయిన ఫోన్ చేశాడు. "ఆళ్ళు డిపాజిట్ ఎంత కట్టిన్రురా?" అని అడిగాడు. 25,000 అని చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు.

1999 నుంచి మా పట్నం రాజకీయం అందరికీ తెలిసిందే. రాష్ట్రమంతా టీడీపీ గాలి వీచిన ఆ ఏడు నల్లగొండ అసెంబ్లీకి కాంగ్రెస్ నుంచి కోమటిరెడ్డి వెంకటరెడ్డి గెలిచాడు. 2004, 2009, 2014 కూడా. నాలుగుసార్లు వరసగా. తెలంగాణ కోసం 2011లో మంత్రి పదవి వదులుకున్నాడు. 2018లో టీఆర్ఎస్ నుంచి కంచర్ల భూపాల్‌రెడ్డి గెలిచాడు. 2023లో మళ్ళీ వెంకటరెడ్డి, 54 వేలకు పైగా మెజారిటీతో.

2004లో ఈవీఎంలు వచ్చేసరికి నాయిన రిటైరయ్యాడు. ఓటు వేయడానికి నాతో వచ్చి, మీట నొక్కి, ఆ "పీఁ" మన్న చప్పుడు విని బయటికొచ్చాడు. "మడత లేదు" అన్నాడు. చెల్లని ఓట్లు ఉండవన్నందుకు మాత్రం సంతోషపడ్డాడు. కౌంటింగ్ డ్యూటీలో రెండు గుర్తుల మధ్య గీత మీద పడ్డ ముద్రల్ని, ముద్ర బదులు పెట్టిన వేలిముద్రల్ని పక్కన పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ఆయన మనసు చివుక్కుమనేదట. మనిషి ఎవరికి వేద్దామనుకున్నాడో కనపడుతూనే ఉంటుంది, లెక్కలో వేయడానికి లేదు.

నాయినమ్మ 2001లో పోయింది. ఇప్పుడు మా ఊళ్ళో నల్లా తిప్పితే కృష్ణా నీళ్ళు వస్తాయి. చిన్నాయిన మనవళ్ళ పళ్ళు తెల్లగా ఉన్నాయి, నేను పోయినప్పుడల్లా చూస్తాను. పొలాలకు మాత్రం ఇంకా ఎదురుచూపే. శ్రీశైలం నుంచి నీళ్ళు తేవాల్సిన ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం దాదాపు 44 కిలోమీటర్లది, ఏళ్ళ తరబడి తవ్వుతూనే ఉన్నారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు అది కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలు, ఇంజనీర్లు. మా నీళ్ళ కోసం వచ్చినవాళ్ళు. ఆ వార్తలు చూసినన్ని రోజులు మా ఇంట్లో అన్నం సరిగ్గా తినలేకపోయాం.

2023 ఎన్నికలకు నాయినకు ఎనభై నిండాయి. ఎనభై దాటినవాళ్ళు ఇంటి నుంచే ఓటు వేయొచ్చన్నారు. మోకాళ్ళు సహకరించడం లేదని నేనే దరఖాస్తు పెట్టించాను. ఒక పొద్దున సిబ్బంది వచ్చారు. ఇద్దరు పోలింగ్ ఆఫీసర్లు, ఒక పోలీసు, వీడియో తీసే అబ్బాయి. మా హాల్లో మూలకు అట్టముక్క నిలబెట్టి చాటు చేశారు. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ కాగితం బ్యాలెట్ చేతిలోకి వచ్చింది. పెన్ను ఇచ్చారు.

"పెన్నుతోనా?" అన్నాడు. జీవితమంతా జనానికి పెన్నుతో గీయొద్దని చెప్పిన మనిషి.

"అవును సార్, పోస్టల్ బ్యాలెట్ కదా" అంది ఆ అమ్మాయి. ఆమె కూడా టీచరేనట.

చాటుకు పోయి వేసి, మడిచి తెచ్చాడు. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా. తడి సిరా లేదు, అయినా అట్లాగే. ఆ అమ్మాయి కవరులో పెట్టి గమ్‌తో అంటిస్తుంటే కళ్ళార్పకుండా చూశాడు. లక్క లేదు. వాళ్ళు చాయ్ కూడా ముట్టుకోలేదు. డ్యూటీలో ఎవరింట్లోనూ తాగకూడదన్నారు. నాయినకు ఆ మాట ఎంత నచ్చిందో.

అయినా నవంబర్ 30న మధ్యాహ్నం నుంచి ఆయనకు కాలు నిలవలేదు. బడి దగ్గరికి తీసుకుపో అన్నాడు. ఓటు అయిపోయింది కదా నాయినా అంటే, ఒక్కసారి చూసొద్దామన్నాడు. ఆయన పనిచేసిన బడే అది. కారు ఎదురుగా వేపచెట్టు కింద ఆపాను. దిగలేడు, అద్దం దించుకుని చూస్తూ కూర్చున్నాడు. ఆడవాళ్ళ లైను, మగవాళ్ళ లైను. సెల్ఫీలు తీసుకుంటున్న పిల్లలు. వీల్‌చైర్‌లో ఒక ముసలామె.

సాయంత్రం ఐదైంది. గేటు మూశారు. లోపల ఇంకా లైను ఉంది. ఒక ఆఫీసరు చేతిలో చీటీలు పట్టుకుని బయటికి వచ్చాడు.

నాయిన నాకు చిన్నప్పుడు చెప్పింది ఇదే. టైమయ్యేసరికి లైన్లో ఎంతమంది ఉంటే అంతమందితోనూ ఓటు వేయించాలి, రాత్రయినా సరే. అందుకు చీటీలివ్వాలి. కాని ముందు నుంచి ఇచ్చుకుంటూ పోతే, ఇస్తున్నంతసేపట్లో వెనక కొత్తవాళ్ళు వచ్చి కలుస్తారు. చిట్టచివరి మనిషికి ఒకటో నంబరు చీటీ ఇచ్చి, అక్కణ్ణించి ముందుకు రావాలి.

"దిగి చూడు బిడ్డా" అన్నాడు. "చీటీలు ముందటికెల్లి ఇస్తున్నడా, ఎనుకకెల్లా?"

దిగి గేటు దగ్గరికి పోయి ఊచల మధ్య నుంచి చూశాను. ఆ ఆఫీసరు లైను పక్కనుంచి నడుచుకుంటూ చివరిదాకా పోయాడు. ప్రహరీ గోడకు ఆనుకుని నిలబడ్డ ఒక కుర్రాడి చేతిలో మొదటి చీటీ పెట్టాడు.

వచ్చి చెప్పాను. "ఎనుకకెల్లే నాయినా."

"ఆఁ" అన్నాడు. అద్దం పైకెత్తుకున్నాడు. "ఇగ పోదాం పా. మీ అమ్మ ఎదురుచూస్తుంటది."